దీపం చెప్పిన అబద్ధం

డాక్టర్ వాసుదేవ్ ఛాతీలో బుల్లెట్ దిగింది. కడప శివార్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ, పట్టపగలు. రంపాల రొదలో తుపాకీ చప్పుడు ఎవడికి వినబడుతుంది? ఏజెంట్ హనుమేష్ పరుగెత్తుకొచ్చి తల ఒళ్లోకి తీసుకునేసరికి, "దీపాన్ని నమ్మొద్దు" అని ప్రాణం వదిలాడు మహానుభావుడు.

ఆ ఫ్యాక్టరీ వెనకగదే సైన్యం రహస్య ల్యాబ్. 2008లో, ఆ మధ్యాహ్నం పన్నెండింటికి కర్నూలు కేంద్రంతో, ఎవరూ దొంగిలించలేని సందేశాల క్వాంటమ్ లైన్ మొదలుకావాలి. వెలుగు కణాలను పట్టే డిటెక్టర్ పెట్టెలు రెండున్నాయి. ఒకదాన్ని శత్రువులు మార్చేశారు, ఏదో తెలీదు. అది లైన్‌లోకి ఎక్కిందా, సరిహద్దు అవతలున్న మన ఏజెంట్ల పేర్లన్నీ వాళ్ల చేతికి పోతాయి. అందులో మొదటి పేరు హనుమేష్ సొంత తమ్ముడు గోపన్నది.

అప్పుడే ఢిల్లీ ఆఫీసర్ శ్రీవిద్య కారు దిగింది. నల్లకళ్లద్దాలు, సిల్కు చీర, చేతిలో పెట్టెల్ని పరీక్షించే, సీలు వేసిన స్టాండర్డ్ దీపం. కోడ్ మాట తడుముకోకుండా చెప్పింది. దీపం వెలిగించి చూపించింది. మొదటి పెట్టె పాస్, రెండోది ఫెయిల్. టైమ్ లేదు, మొదటిదే బిగించమంది.

సరే, పెట్టెను దీపం పరీక్ష చేసింది. దీపాన్ని ఎవరు చేశారు?

హనుమేష్ బేతంచెర్ల బండల మేస్త్రీ కొడుకు. వాళ్ల నాయన బుడగతో వంకర చూపే రసమట్టం కొనేటప్పుడు చదును నేల కోసం వెతికేవాడు కాదు. ఏ వంకర బండ మీదో పెట్టి, మట్టాన్ని అటుదిటు తిప్పి మళ్లీ చూసేవాడు. బుడగ బండ ఎత్తు వైపే నిలిస్తే మంచిది, మట్టంతోపాటు తిరిగితే దొంగది. బండ వంకర ఎంతో తెలియాల్సిన పనే లేదు.

హనుమేష్ దీపాన్ని పక్కకు నెట్టాడు. టార్చి, సెల్‌ఫోన్, కిటికీలో ఎండ, ఏ వెలుగు దొరికితే అది, జోరు తగ్గించే నల్లగాజులోంచి పంపుతూ పెట్టెల్ని తిప్పి తిప్పి కొలిచాడు. రెండో పెట్టె అంకెలు వెలుగు పడే కోణాన్ని బట్టి ప్రతి తిప్పుకూ ఒక వరసలో మారాయి. మొదటిదానివి ఎటు తిప్పినా కదల్లేదు. ఆమె దీపానికి మాత్రమే పలికేలా నేర్పిన పెట్టె అది!

"డాక్టర్ కూడా ఇట్లే తిప్పి చూశాడు. అందుకే కాల్చి, ఇప్పుడే వచ్చినట్టు మళ్లీ కారు దిగా," అంది శ్రీవిద్య. చేతిలో పిస్టల్.

బుల్లెట్ భుజాన్ని చీల్చింది. హనుమేష్ గోడకు ఆనించిన బండల్ని ఒక్క తన్ను తన్నాడు. అవి ఆమె కాళ్ల మీద కూలాయి, ఎముకలు పటపటా విరిగాయి. ఆ రాక్షసి పడుకునే మళ్లీ కాల్చింది, అతని చెవి సగం ఎగిరిపోయింది. బల్ల అంచు పట్టుకుని పైకి లాక్కుని, నెత్తురోడుతున్న చేత్తోనే మొదటి పెట్టెను లైన్‌లో గుచ్చింది. హనుమేష్ ఉలి ఎత్తి ఆ చేతిని బల్లకు దిగ్గొట్టాడు. పన్నెండు కొట్టబోతుండగా పెట్టె పీకేసి, రెండోది బిగించాడు.

తెర మీద కర్నూలు మీదుగా గోపన్న సందేశం పడింది. కోడ్ మాట సరిగ్గానే ఉంది. ఈసారి హనుమేష్‌కు అది చాల్లేదు. నాయన రసమట్టం పగలగొట్టింది ఎవరని అడిగాడు.

"నువ్వే. దెబ్బలు మాత్రం నేను తిన్నా."

హనుమేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె మంచిదే, తమ్ముడూ క్షేమమే. బల్లకు దిగిన ఆమె కాక, ఇక గదిలో మిగిలిన దొంగ, ఆనాడు తమ్ముడికి దెబ్బలు తినిపించిన తనొక్కడే.