ప్రార్థనలో బుజ్జి పేరు లేదు

ఆ ఇంట్లో తెల్లవారితే ముందు ప్రార్థన, తర్వాతే కాఫీ. మాస్టారు కుర్చీలో కూర్చుంటారు, ఆయన కొడుకు మంచం అంచున, కోడలు గుమ్మం పక్కన నేల మీద. లెక్కల మాస్టారుగా రిటైరై, చర్చిలో సంఘపెద్దగా కుదురుకున్న మనిషి కాబట్టి ప్రార్థన కూడా వరస తప్పకుండా చేస్తారు. ముందు స్తోత్రం, తర్వాత రోగులు, ఆపైన వీధిలోవాళ్లు, చివర్న సరిహద్దులో కాపలా కాస్తున్న మనవడు. "మా బుజ్జిని నీ రెక్కల చాటున దాచు ప్రభువా" అన్నాకే ఆమెన్. మీసాలొచ్చి తుపాకి పట్టినవాడికి ఇంకా బుజ్జి ఏమిటని బయటివాళ్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

ఆ రోజు మాస్టారి గొంతు మహా హుషారుగా ఉంది. ముందురోజు సాయంత్రం టీవీలో రెండు దేశాల నాయకులూ చేతులు కలిపారు. ఇక ఒక్క తూటా కూడా పేలదని మన నాయకుడు గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. మాస్టారు ఆ నాయకుడి కోసం, ఆ ఒప్పందం కోసం, దాన్ని రాసిన అధికారుల కోసం కూడా దేవుణ్ణి స్తుతించి ఆమెన్ అనేశారు.

"మామయ్యా, బుజ్జి ఏడి?" అంది కోడలు కళ్లు తెరవకుండానే.

"అదేంటమ్మా, వాడు..."

"ప్రార్థనలో ఏడి అని అడుగుతున్నా."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "యుద్ధం ఆగిపోయిందిగా. విన్నపం తీరాక కూడా అడుగుతూ కూర్చుంటే దేవుడి మీద నమ్మకం లేనట్టే. ఇప్పుడు చెయ్యాల్సింది కృతజ్ఞత."

ఆవిడ దిగ్గున లేచింది. "ఎవరి మీద నమ్మకం మామయ్యా? దేవుడి మీదా, టీవీలో పళ్లికిలించినాయన మీదా?"

"పొద్దున్నే మొదలెట్టకే," అన్నాడు భర్త.

"మీరు ఊరుకోండి!"

ఆయన ఊరుకున్నాడు. ఆయన లిఫ్ట్ మెకానిక్. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లను బయటికి లాగడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ ఇరుక్కుపోయింది తనే కావడంతో ఏం చెయ్యాలో పాలుపోలేదు.

"లోకం ఇచ్చే శాంతి సమాధానం వేరు, ప్రభువిచ్చేది వేరని మాకు నూరిపోసింది మీరే," అంది కోడలు. "ఇప్పుడు రెండూ ఒకటైపోయాయా? రాత్రి బుజ్జి ఫోన్ చేశాడు. ఒప్పందం సంగతి వాళ్లకు పైనుంచి ఏమీ రాలేదట. ఇంకా ఆ కాపలా గోతిలోనే హెల్మెట్ పెట్టుకుని పడుకుంటున్నాడు. మీరేమో వాడు ఇంటికొచ్చేసినట్టు లెక్క తేల్చేశారు."

"ఫోన్ చేశాడా? మాకెందుకు చెప్పలేదు?" అన్నారు మాస్టారు.

"మీ సంబరం పాడవుతుందని! పోయినసారీ ఇలాగే చేతులు కలిపారు. ఇలాగే మాటిచ్చారు. ఆ సంతకాల తడి ఆరకముందే మీ చిన్నకొడుకు ఆ సరిహద్దు నుంచే పెట్టెలో వచ్చాడు. మర్చిపోయారా?"

"ఏమే!" అని అరిచాడు భర్త.

మాస్టారి మొహం పాలిపోయింది, ఆ వెంటనే ఎర్రబడింది. "నా కొడుకు చావు నాకు గుర్తుచేసేంతదానివయ్యావా? ఆదివారం చర్చిలో కృతజ్ఞతా కూడిక ఉంది. నేనే నిలబడి ప్రార్థన చేస్తాను. ఇష్టముంటే రా, లేకపోతే మానెయ్."

"మానేస్తాను. వాడి పేరు మళ్లీ చెప్పేదాకా ఈ గదిలోనూ మీతో కూర్చోను."

ఆవిడ కాన్పుల వార్డులో నర్సు. ఆ రోజు కాఫీ కూడా తాగకుండా డ్యూటీకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మాస్టారు ప్రార్థనకు కళ్లు మూసుకోబోతుంటే కోడలు వచ్చి కాఫీ కప్పును ఆయన ముందున్న స్టూలు మీద ఠక్కున పెట్టింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ప్రార్థనకు ముందు కాఫీ రావడం అదే మొదలు. కావాలనే పెట్టిందని ముగ్గురికీ తెలుసు.

"తీసుకెళ్లిపో!" మాస్టారు చెయ్యి విసిరారు. కప్పు బోర్లాపడి కాఫీ కింద పరిచిన చాప మీదికి పాకింది.

"నాన్నా!" కొడుకు లేచాడు.

"ఎందుకు మామయ్యా?" అంది కోడలు. "ఒక్క పేరు చెప్పడానికి ఏం పోయింది మీకు? నా బిడ్డ అంత బరువైపోయాడా?"

"అవును, బరువే!" అని అరిచారు మాస్టారు. అంతలోనే ఆయన గొంతు పడిపోయింది. "చిన్నోడు పోయిన రోజు పొద్దున కూడా వాడి పేరు చెప్పానమ్మా. ఈ కుర్చీలోనే. మధ్యాహ్నానికి కబురొచ్చింది. అప్పట్నుంచీ బుజ్జి పేరు ఎత్తితే చాలు, వాణ్ణి కూడా నా నోటితో నేనే పంపించేస్తున్నట్టుంటుంది. ఆ నాయకుడి మాట నీటిమూటని నాకు తెలీదా? ఒక్క పూటైనా భయం లేకుండా ఆమెన్ అనాలనిపించింది. అందుకే నమ్మాను."

కోడలు బోర్లాపడ్డ కప్పు తీసి నిలబెట్టింది. చిన్నకొడుకును పూడ్చినప్పుడు కూడా ఈ మనిషి కంట నీరు చూడలేదు. గట్టి గుండె అనుకుంది, మొండి గుండె అని తిట్టుకుంది. రోజూ ఆ పేరు దగ్గర ఆయన ఎంత భయపడుతున్నారో పక్కనే కూర్చుని కూడా తెలుసుకోలేకపోయింది. ఆమెకు కోపం చల్లారలేదు. కానీ అది ఈ ముసలాయన మీద చూపించాల్సింది కాదని సిగ్గేసింది.

తడిసిన చాప పక్కకు లాగి, ఆయన కుర్చీ దగ్గరే కూర్చుంది.

"మీరు చెప్పకండి మామయ్యా. నేను చెబుతాను."

పైకి ప్రార్థన చెయ్యడం ఆమెకు అలవాటు లేదు. మాటలు తడుముకుంటూ మొదలుపెట్టింది. "ప్రభువా, మా బుజ్జిని కాపాడు. కంచె అవతల వాడికి ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణీ కాపాడు, వాడికీ ఒక అమ్మ ఉంటుంది. మాటలిచ్చేవాళ్ల సంగతి నువ్వే చూసుకో, నాకు వాళ్ల మీద మంచి మాట రావట్లేదు." మాస్టారి వైపు ఒకసారి చూసి మళ్లీ కళ్లు మూసుకుంది. "మా మరిది పోవడంలో మామయ్య తప్పేం లేదు. నేను చెబితే వినరు. నువ్వే చెప్పు."

మాస్టారు కుర్చీలోంచి జారినట్టుగా కిందికి దిగి కోడలి పక్కన కూలబడ్డారు. రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. కొడుకు వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఆపమనలేదు.

చాలాసేపటికి ఆయన తలెత్తారు.

"ఆదివారం కృతజ్ఞత చెప్పనమ్మా. అందరి ముందూ నిలబడి, ఇంకా అడుగుతూనే ఉన్నామని చెబుతాను," అన్నారు. "బుజ్జి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నువ్వు నా పక్కన ఉండు."