వంతెన మీద వీడియో కాల్

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే మన్నించండి. నేను రాయడం నిదానమే గానీ, ఈ కథలో మనుషులకు అంత తీరిక లేదు.

"నీ తమ్ముడు బతికే ఉన్నాడంటున్నారు," అన్నాడు పెద్దాయన.

కందిరీగ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. పైకి ఆమె ఆఫీసులు తిరిగి వీడియో కాల్స్ బాగుచేసే మెకానిక్. కెమెరా రాకపోయినా, మాట వినబడకపోయినా, బొమ్మ మధ్యలో బిగుసుకుపోయినా అందరూ ఆమెకే కబురు పెడతారు. లోపల మాత్రం పెద్దాయన నడిపే గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఏజెంట్. కందిరీగ అన్నది కోడ్ నేమ్. తమ్ముడిదీ అదే డిపార్ట్‌మెంట్. సరిహద్దు అవతల ఒక ముఠాలో చొరబడి, పోయిన నెల వాళ్ల చేతికి చిక్కాడు. వాడు ఆఫీసు పని మీద క్యాంపుకు వెళ్లాడని అమ్మకు చెప్పి, కందిరీగ ఇంట్లో రోజులు నెట్టుకొస్తోంది.

"బదులు ఏమడుగుతున్నారు?"

"గడియారాన్ని."

గడియారం ముఠా మనిషి. బాంబులకు టైమర్లు కట్టడంలో వాడికి వాడే సాటి. ఏడాది వేటాడితే దొరికాడు.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "ముందు వీడియో కాల్‌లో చిన్నోణ్ణి చూపిస్తారు. నువ్వు చూసి, మాట్లాడి, వాడేనంటే నేను రేడియోలో 'వాన వెలిసింది' అంటాను. వంతెన దగ్గర మన కెప్టెన్ గడియారాన్ని వదులుతాడు. వంతెన మధ్యలో తెల్లగీత ఉంది. అది దాటాడంటే వాడు వాళ్లవాడు. ఆ తర్వాత చిన్నోణ్ణి పంపుతారు."

"మధ్యలో తేడా వస్తే?"

"'ముసురు పట్టింది' అంటాను. వాడు గీత దాటకముందే అనాలి."

"అనలేకపోతే గడియారమూ పోయె, తమ్ముడూ పోయె."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అందుకేనమ్మా నిన్ను కూర్చోబెడుతున్నది."

మూడో అంతస్తులో అద్దె గది. పొడుగు బల్ల, కంప్యూటర్, ఒక స్పీకర్, అడుగున స్విచ్ ఉన్న బల్ల మైకు. పక్క గదికి తాళం, తలుపుకు 'అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు. రూలు ప్రకారం అందరి ఫోన్లూ కింద గార్డు దగ్గరే ఉండిపోయాయి.

ముఠా వాళ్ల భాష తెలిసిన మనిషి కావాలి గనక పైవాళ్లు ఒక దుబాసిని పంపారు. ఆమె వచ్చాక గదిలోకి అత్తరు వాసన కూడా వచ్చి కూర్చుంది. నల్ల పట్టుచీర, మెడలో ఒంటిపేట ముత్యాలు, చెవికి హెడ్‌సెట్. హెడ్‌సెట్ అంచున నీలం దీపం.

"భయపడకండి. ఇలాంటివి చాలా చేయించాను," అంది దుబాసి, కందిరీగ భుజం తడుతూ.

కాల్ కలిసింది. మొదట ఒక బొంగురు గొంతు ఏదో అంది. "ఎక్కువసేపు ఇవ్వరట," అంది దుబాసి. తర్వాత తెర మీద తమ్ముడు కనిపించాడు.

చక్కగా దువ్విన తల. మొహం సరిగ్గా తెర మధ్యలో. కందిరీగ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఏరా, బాగున్నావా?"

"బాగానే ఉన్నానక్కా."

"కొట్టారా?"

"లేదక్కా, పర్లేదు."

"నిన్న రాత్రి ఏం తిన్నావు?"

బొమ్మ బిగుసుకుపోయింది. తమ్ముడి నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది.

"వాళ్ల వైపు నెట్‌వర్క్ బాగాలేదట," అంది దుబాసి. "పోనీ, మనిషిని చూశారుగా."

కందిరీగ తన పని మొదలుపెట్టింది. కంప్యూటర్‌లో తెరిచి ఉన్న మిగతా ప్రోగ్రాములన్నీ మూసింది. వైఫై మానేసి కేబుల్ పెట్టింది. వీడియో నాణ్యత తగ్గించింది. అవతలివాళ్లను రౌటర్ దగ్గరికి జరగమంది. జరిగామన్నారు. బొమ్మ కదిలింది.

"అమ్మకు ఏం చెప్పమంటావు?"

మళ్లీ బిగుసుకుంది.

"అమ్మ గుర్తొస్తోందా?"

"వస్తోందక్కా," అన్నాడు తమ్ముడు, ఏ అడ్డూ లేకుండా.

నెట్‌వర్క్‌కు ప్రశ్నలు అర్థం కావు. తేలిక ప్రశ్నకు బాగుండి, కష్టమైన ప్రశ్నకు పాడయ్యే నెట్‌వర్క్‌ను కందిరీగ ఎన్నడూ చూడలేదు.

దుబాసి పెద్దాయన వైపు తిరిగింది. "ఇంకాసేపు ఆగితే లేచిపోతామంటున్నారు. ఆ తర్వాత ఆ అబ్బాయికి ఏమైనా అయితే నన్ను అనకండి."

పెద్దాయన చిన్నోణ్ణి ట్రైనింగ్ నాటి నుంచీ ఎరుగును. కన్నకొడుకుకన్నా ఎక్కువ తిట్టి పెంచాడు వాణ్ణి. ఆయన చెయ్యి రేడియో మీదికి పోయింది.

"వాడి గొంతే కదమ్మా అది."

"ఒక్క నిమిషం సార్."

"నిమిషాలు లేవంటున్నారు కదా." ఆయన బటన్ నొక్కాడు. "వాన వెలిసింది."

రేడియోలో కెప్టెన్ గొంతు వినిపించింది. "వదిలాను. నడుస్తున్నాడు."

ఇక వాదించి లాభం లేదు. కందిరీగ మైకు సర్దుతున్నట్టు చెయ్యి పెట్టి, అడుగున స్విచ్ ఆపేసింది. ఆ స్విచ్ ఆపితే తెర మీద ఏ గుర్తూ కనబడదు. అవతల ప్రాణమున్న మనిషి ఉంటే వినబడలేదనాలి.

"ఒరేయ్, నిద్ర పడుతోందా?"

"పడుతోందక్కా."

మైకు చచ్చి ఉంది. అయినా మాట అవతలికి చేరింది.

జబ్బు ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోవాలి. ఆపినా జబ్బు పోలేదంటే అది అందులో లేనట్టు. గదిలో మైకున్న వస్తువు ఇంకొక్కటే ఉంది, దుబాసి హెడ్‌సెట్. అది బ్లూటూత్ మీద కంప్యూటర్‌కు కలిసి ఉంది. మాట అందులోంచి పోతుందేమో. కందిరీగ కంప్యూటర్‌లో బ్లూటూత్ ఆపేసింది.

"వంతెనలో పావువంతు వచ్చాడు," అంది రేడియో.

"ఏరా, దగ్గు తగ్గిందా?"

"తగ్గిందక్కా."

"ఒకసారి కుడిచెయ్యి పైకెత్తు."

బొమ్మ బిగుసుకుపోయింది.

కందిరీగ ఓరగా చూసింది. కంప్యూటర్‌తో తెగిపోయిన హెడ్‌సెట్ దీపం టపటపా కొట్టుకోవాలి. అది నిలకడగా వెలుగుతోంది. అంటే ఇంకో ఫోన్‌తో కలిసే ఉంది. ఈ గదిలో మాటలన్నీ, రేడియో మాటలతో సహా, అందులోంచి పోతున్నాయి. అవతల కూర్చున్నవాడు వాటిని విని, ఎప్పుడో చెప్పించి దాచుకున్న జవాబులు ఒక్కొక్కటే ఏరి వదులుతున్నాడు. చెయ్యెత్తిన ముక్క మాత్రం వాడి దగ్గర లేదు.

ఆమె లేచి దుబాసి వెనక్కి వెళ్లింది. "మీ హెడ్‌సెట్‌లో గరగర వస్తోందండీ. ఒకసారి ఇలా ఇవ్వండి." జవాబు కోసం ఆగకుండా చెవి మీంచి తీసి ఆపేసింది. దీపం ఆరింది.

"సార్, ఆపించండి. తెర మీద ఉన్నది వాడు కాదు, ముందే తీసిపెట్టిన బొమ్మ."

పెద్దాయన ఎందుకని అడగలేదు. "ముసురు పట్టింది. ముసురు పట్టింది."

రేడియో గరగరలాడింది. బూట్ల చప్పుడు, ఎవడో కింద పడ్డ చప్పుడు. తర్వాత కెప్టెన్ ఆయాసపడుతూ అన్నాడు. "పట్టుకున్నాం సార్. వాడి కాలు గీత మీదే ఉంది."

దుబాసి ముత్యాలు సర్దుకుంది. "ఏమిటిదంతా?"

"మీ హెడ్‌సెట్ దేనికి కలిసి ఉందండీ?"

"మీ కంప్యూటర్‌కే."

"కంప్యూటర్‌లో బ్లూటూత్ ఎప్పుడో ఆపేశాను."

దుబాసి నవ్వింది, కళ్లతో మాత్రం నవ్వలేదు. "మా వాళ్లు మెకానిక్‌ను చూసి భయపడాలని చెప్పలేదు నాకు."

"నా తమ్ముడెక్కడ?"

"నాకు తెలియదు. ఒట్టు."

"తెలిసినవాడు దగ్గర్లోనే ఉన్నాడులే. బ్లూటూత్ గోడ దాటుతుంది గానీ వీధి దాటదు."

ఫోన్లన్నీ కింద గార్డు దగ్గర ఉన్నాయి. ఇక మిగిలింది పక్క గది. గార్డులు వచ్చి, అద్దె బోర్డుతో సహా తలుపు ఊడదీశారు. లోపల బనీను మీద ఒక మనిషి కూర్చున్నాడు. ఒళ్లో లాప్‌టాప్, పక్కన ఫోన్. తెర మీద తమ్ముడి మొహాలు వరసగా పేర్చి ఉన్నాయి. బాగానే ఉన్నానక్కా, పర్లేదక్కా, తగ్గిందక్కా.

ఇన్ని మొహాల్లో ఒక్కటైనా ఈరోజుది కాదు. అసలు ఈరోజు మొహం ఉందో లేదో. కందిరీగ లాప్‌టాప్‌ను బనీను మనిషి వైపు తిప్పింది.

"వాళ్లకు కలుపు," అంది.

బనీను మనిషి కలిపాడు. బొంగురు గొంతు పలికింది. దుబాసి ఇప్పుడు బేడీలతో కూర్చుని తర్జుమా చేసింది, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా.

"గడియారం మా దగ్గరే ఉన్నాడని చెప్పు," అంది కందిరీగ. "వాడు కావాలంటే నా తమ్ముడి చేతికి ఫోన్ ఇవ్వమను. కాల్ ఆపకుండా వంతెన దాకా నడిచి రావాలి. ఇద్దరూ ఒకేసారి గీత దాటాలి."

అవతల బొంగురు గొంతు ఎవరినో గదమాయించింది. తర్వాత తెర ఊగింది. ఒక ట్యూబ్‌లైటు, సగం నుదురు, గడ్డం పెరిగిన దవడ, మళ్లీ ట్యూబ్‌లైటు.

"అక్కా, కనబడుతున్నానా? ఇదెలా పట్టుకోవాలో తెలియడం లేదు. వేలు వాచింది."

కందిరీగకు ఏడుపొచ్చింది, రానివ్వలేదు. "కుడిచెయ్యి ఎత్తరా."

"ఎత్తితే ఫోన్ పడుతుందే తల్లీ."

ఫోన్ పడింది. తెరంతా నేల. మళ్లీ చెవి, మెట్లు, ఒక జీపు తలుపు. జీపు దిగాక వంతెన కమ్మీలు, ఆకాశం, చెప్పుల్లేని పాదాలు. ఎదురుగా గడియారం వచ్చి, పక్కనుంచి దాటిపోయాడు.

"వాడు మళ్లీ టైమర్లు కడతాడు," అన్నాడు పెద్దాయన. "ఈసారి ఎవరి బస్సులో పెడతాడో."

"తెలుసు సార్." ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు.

బొమ్మ అడ్డంగా తిరిగి, చివరికి కెప్టెన్ బెల్టు మీద ఆగింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. పెద్దాయన ముందుకు వంగాడు. "ఫోన్ కాస్త నిలువుగా పట్టుకోమనమ్మా. ఏమీ కనబడి చావదు."

"వద్దు సార్. అలాగే ఉండనివ్వండి."

తన సర్వీసులో కందిరీగ బాగుచేయకుండా వదిలేసిన కాల్ అదొక్కటే.

— కథల పెద్దమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది మరదలి ఇంట్లో, మేడ మీది గదిలో.