ఏ ఊరి పదకొండున్నర?

వరప్రసాదం చావాల్సిన టైము పదకొండున్నర అని కంప్యూటర్ చెప్పింది. పదకొండున్నర దాటింది. ఆయన చావలేదు.

1999, నడి వేసవి. వరప్రసాదం సైంటిస్టు. ఒక విదేశీ ముఠా కోడ్ భాషను ఒక్కో అక్షరం చొప్పున విప్పుతున్నాడు. ఉదయగిరి ట్రావెలర్స్ బంగళాలో ఆయన ప్రాణానికి కాపలా ఏజెంట్ జోయల్. వేషం సువార్తికుడిది. భుజాన సంచీ, సంచీలో పైన బైబిళ్లు, అడుగున పిస్టల్, బేడీలు, లాప్‌టాప్.

ముఠా తన మనుషులకు ఆర్డర్లను ఫొటో ఆల్బమ్ సీడీల్లో పంపేది. నాలుగు ఫొటోలు, ఒక వీడియో. వీడియోలో కనిపించేదే దాడి చేసే చోటు. ఆ ఫైల్లో దాక్కుని ఉన్న, వీడియో తీసిన టైమే మర్నాటి దాడికి ముహూర్తం. ఈ గుట్టు విప్పింది సుజన. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, ఎవరినీ లెక్కచేయని నవ్వు.

వీడియో ఈ బంగళాదే. టైము 11:30. అందుకే పొద్దున్నే జోయల్ సైంటిస్టును ఆత్మకూరు తరలించాడు. బాంబ్ స్క్వాడ్ బంగళా అంతా గాలించింది. ఏమీ దొరకలేదు. గండం గడిచిందనుకుని జోయల్ వైర్‌లెస్‌లో ఆల్ క్లియర్ ఇచ్చాడు. స్క్వాడ్ నెల్లూరు వెళ్లిపోయింది. వరప్రసాదం తిరిగొచ్చి తన గదిలో టైపింగ్‌కు కూర్చున్నాడు.

ఇప్పుడు సాయంత్రం. జోయల్ వరండాలో ఆ వీడియోనే మళ్లీ చూస్తున్నాడు.

"ఇంకా ఆ బొమ్మే చూస్తా ఉండావా?" సోడా తాగుతూ అడిగింది సుజన. "పీడ పోయిందిలే, నిద్రపో."

జోయల్ బొమ్మను ఆపాడు. వీడియోలో ఆకాశం తెల్లగా ఉంది, బంగళా మాత్రం నీడలో ఉంది. ఉదయగిరి కొండ ఊరికి పడమర. దాని నీడ మిట్టమధ్యాహ్నం ఇక్కడ పడదు. అతను తలెత్తాడు. అదే నీడ, ఇప్పుడే, వరండా మెట్లెక్కుతోంది.

గబగబా ఫొటోల టైములు చూశాడు. చివరి ఫొటోలోనూ అదే నీడ. దాని టైము 4:58. కెమెరా ఫొటోకు మన టైము రాసింది, వీడియోకు మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ టైము రాసింది. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే గడియారమనుకుని వరసలో పెట్టేసింది. పదకొండున్నరకు ఐదున్నర గంటలు కలిపితే...

సాయంత్రం ఐదు. వాచీలో ఇంకో రెండు నిమిషాలు.

"నాకు అబద్ధం చెప్పినావు," అన్నాడు జోయల్.

"టైము నిజమే చెప్పినాను. ఏ ఊరి టైమో నువ్వు అడగలా." సుజన లేచి హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుంది.

జోయల్ ఆమె చేతిని వరండా గ్రిల్‌కు బేడీతో బిగించేశాడు.

"తియ్యి జోయల్. నన్ను కూడా చంపుతావా ఏంది?"

"ఎక్కడుండాదో చెప్పు, తీస్తాను."

ఆమె నల్లద్దాలు ఒక్క క్షణం సైంటిస్టు గది వైపు తిరిగాయి. ఆ గదిలోంచి సన్నగా కూత. కీ... కీ...

జోయల్ తలుపు తోసుకుని లోపలికి దూకాడు. "ఏంది సార్ ఆ కూత?"

"నేను ఆత్మకూరు నుంచి వచ్చేసరికి ఎవరో కొత్త యూపీఎస్ పెట్టిపోయినారు నాయనా. ఇప్పుడే కూత మొదలుపెట్టింది. కరెంటు పోయినట్టుండాది."

వరప్రసాదం నెత్తిన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది.

కరెంటు ఉండగా యూపీఎస్ కూయదు.

జోయల్ వైర్లతో సహా దాన్ని పెరికి ఎత్తుకున్నాడు. రాతిగుండులా ఉంది. పెరటి తలుపును తన్ని, పరుగెత్తి, ఎండిపోయిన బావిలోకి విసిరి నేల మీద బోర్లా పడ్డాడు. కూత ఆగిపోయింది. ఆ వెంటనే భూమి ఒక్కసారి ఎగిరిపడింది. బావిలోంచి మట్టి, రాళ్లు ఆకాశానికి లేచాయి. బంగళా కిటికీ అద్దాలన్నీ జలజలా రాలాయి. వరండాలో సుజన బేడీ గ్రిల్‌కు ఇంకా గలగలమంటోంది.

దుమ్ము దులుపుకుంటూ లోపలికొచ్చేసరికి వరప్రసాదం నల్లబడిన మానిటర్ ముందు తల పట్టుకుని ఉన్నాడు.

"మధ్యాహ్నం నుంచి కొట్టిందంతా పోయింది గదయ్యా. సేవ్ చేయలా."

"మళ్లీ కొట్టండి సార్," అన్నాడు జోయల్, కుర్చీలో కూలబడుతూ. "ఇప్పుడు మీకు కావలసినంత టైముండాది."