ఫోటో కోసం హెల్మెట్

వెనక జీపు దగ్గరవుతోంది.

ఉథై అద్దంలోకి చూస్తాడు. రెండు లైట్లు. ఆరుతున్నాయి... వెలుగుతున్నాయి... మళ్లీ ఆరుతున్నాయి.

ఆపమని సైగ.

ఆపడు. యాక్సిలరేటర్ మీద కాలు ఇంకా గట్టిగా నొక్కుతాడు. కొబ్బరితోటల మధ్య మట్టిరోడ్డు మీద రెస్క్యూ పికప్ ఎగిరెగిరి పడుతోంది. సైరన్ ఆపేశాడు. పైన తిరిగే ఎర్రలైటు కూడా ఆపేశాడు. ఇన్నేళ్లుగా ఈ దీవిలో రెస్క్యూ ఫౌండేషన్ వాలంటీరుగా ఆ బండి నడుపుతున్నాడు. దొంగలా నడపడం ఇదే మొదలు.

వెనక, రేకుల కప్పు కింద, స్ట్రెచర్. దాని మీద ఫ్రెయా. డెన్మార్క్ నుంచి సెలవులకి వచ్చిన అమ్మాయి. పక్కనే మోకాళ్ల మీద కూచుని, ఆ పిల్ల తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది నుయ్. పగలు బజార్లో నూడుల్స్ బండి నడుపుతుంది. పిలుపొస్తే పొయ్యి ఆర్పేసి బండెక్కుతుంది.

"అన్నా, మెల్లిగా పోనీ. గతుకు తగిలినప్పుడల్లా మూలుగుతోంది."

"మూలుగుతోందంటే బతికే ఉందిగా."

ఇంకో గతుకు. నుయ్ వంగి చూస్తుంది.

"ఇప్పుడు మూలగడం కూడా మానేసింది."

ఉథై మళ్లీ అద్దంలోకి చూస్తాడు.

జీపు హారన్ కొడుతోంది. ఆపకుండా కొడుతోంది.

క్లినిక్ వాళ్లే. లేదంటే పోలీసులు. ఇద్దరిలో ఎవరైనా ఒకటే. ఇందాక క్లినిక్ వెనక తలుపు తీసి, ఎవరికీ చెప్పకుండా స్ట్రెచర్ తోసుకొచ్చేశారు ఇద్దరూ. మేనేజర్ ముందే హెచ్చరించాడు. ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకునేదాకా పేషెంటుని కదపడానికి వీల్లేదు, కదిపితే పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

ఇన్సూరెన్స్ వాళ్లేమో మధ్యాహ్నమే తేల్చేశారు. అంత కంగారేం లేదు, రేపు పొద్దున మామూలు పడవలో పంపండి అని.

కంగారు లేదని ఎందుకన్నారు?

ఫోటో చూసి.

ఆ ఫోటో తీసింది ఉథై.

జలపాతం దారిలో వంపు దగ్గర స్కూటర్ జారింది. ఇతను వెళ్లేసరికి ఫ్రెయా రోడ్డు పక్కన కూచుని ఉంది. జుట్టు నిండా మట్టి. చెవి పైన కమిలిన వాపు. అయినా మాట్లాడుతోంది, నవ్వుతోంది. స్కూటర్‌కి తగిలించిన పొట్లంలో మామిడిపండు, జిగురన్నం ఉన్నాయట. చితికిపోయాయా అని అడిగింది.

తలకి హెల్మెట్ లేదు.

పికప్‌లో ఎప్పుడూ ఒక హెల్మెట్ ఉంటుంది. ఎవరూ పెట్టుకు తిరగడానికి కాదు, ఫోటో కోసం. ఒకప్పుడు ఇలాగే ఒక టూరిస్టు కుర్రాడు పడ్డాడు. హెల్మెట్ లేదని ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేశారు. వాళ్లమ్మ అంత దూరం నుంచి వచ్చి, ఆసుపత్రి వరండాలో ఉథై కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు అతన్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచి ఈ పద్ధతి పెట్టాడు. ముందు హెల్మెట్, తర్వాత ఫోటో, ఆ తర్వాతే కట్లు. కొత్తగా చేరిన వాలంటీర్లందరికీ తనే దగ్గరుండి నేర్పాడు. ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. పుణ్యమనుకున్నాడు.

ఫ్రెయా తలకీ అలాగే పెట్టాడు.

వాపు మీంచి కిందికి లాగాడు. అబ్బా అంది. గడ్డం కింద పట్టీ బిగించాడు. పాపం, ఆ పిల్ల అతని చెయ్యి తట్టి థాంక్యూ అంది. కెమెరాకి బొటనవేలు ఎత్తి చూపించింది.

నవ్వుతూ.

బ్యాంకాక్‌లో ఇన్సూరెన్స్ డాక్టరు ఆ ఫోటో చూశాడు. హెల్మెట్ ఉంది, చిన్న గీత కూడా పడలేదు, పేషెంట్ నవ్వుతోంది. హెలికాప్టర్ అక్కర్లేదన్నాడు.

సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. చీకటి పడే వేళకి పిలిస్తే పలకడం లేదు. ఒక కంటిపాప పెద్దదైంది, రెండోది మామూలుగానే ఉంది. దానర్థం ఉథైకి తెలుసు. పుర్రె లోపల నెత్తురు నిండుతోంది.

ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. హెల్మెట్ లేదు, నేనే పెట్టాను అని ఒక్క మాట.

నోరు పెగల్లేదు.

చెబితే పాలసీ చెల్లదు, రావలసిన సాయం కూడా రాదు అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. అది సగమే. మిగతా సగం సిగ్గు. ఈ యూనిఫాం చూసి బజార్లో ముసలివాళ్లు కూడా చేతులు జోడిస్తారు. వాళ్ల ముందు తలెత్తుకు ఎలా తిరగాలి? అందుకే తూర్పు రేవుకి పరుగు. అక్కడ బావమరిది చేపల పడవ ఉంది. సముద్రం దాటితే సర్కారు ఆసుపత్రి. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఫోన్ మోగుతుంది.

బ్యాంకాక్ నంబరు. కట్ చేస్తాడు.

మళ్లీ మోగుతుంది. మళ్లీ కట్ చేస్తాడు.

"ఎత్తన్నా," అంటుంది నుయ్ వెనక కిటికీలోంచి.

"ఎత్తి ఏం చెప్పను?"

"జరిగింది చెప్పు."

"మన ఫౌండేషన్ పరువేం కావాలి?"

"పరువు పోతే మళ్లీ తెచ్చుకుందాం. ఈ పిల్ల పోతే ఎక్కణ్ణించి తెస్తావ్?"

"నోర్మూసుకుని తల పట్టుకో."

అన్నాక అతనికే సిగ్గేస్తుంది. అద్దానికి వేలాడుతున్న బుద్ధుడి బిళ్ల అటూ ఇటూ ఊగుతోంది. దాన్ని చేత్తో పట్టుకుని రోడ్డు వైపుకి తిప్పేస్తాడు. ఇవాళ ఆయన తన వైపు చూడకపోతేనే మంచిది.

చెక్క వంతెన. పలకలు గడగడమంటాయి. దాటేశాడు.

వెనక లైట్లు మాయం!

పోయారా?

ఊపిరి పీల్చుకుంటాడు. ఉప్పుగాలి తగులుతోంది. రేవు ఇంక ఎంతో దూరం లేదు. వంపు తిరిగితే చాలు...

వంపు తిరుగుతాడు.

రోడ్డుకి అడ్డంగా జీపు. తోటల్లోంచి అడ్డదారిన ముందుకొచ్చేసింది.

బ్రేక్! బండి పక్కకి జారుతుంది. మట్టి లేస్తుంది. జీపుకి మూరెడు దూరంలో ఆగుతుంది.

వెనక నుయ్ కేకేస్తుంది. "పట్టుకున్నా, తల పట్టుకునే ఉన్నా."

జీపు తలుపు తెరుచుకుంటుంది. ఉథై రెండు చేతులూ పైకెత్తి దిగుతాడు. సంకెళ్లు వేస్తే వేయనీ అనుకుంటాడు.

దిగింది పోలీసు కాదు. సంచీ భుజాన వేసుకున్న ఒక ఆవిడ. అతని వైపు చూడనైనా చూడకుండా పక్కనుంచి పరిగెత్తి పికప్ వెనక ఎక్కేస్తుంది. టార్చి వెలుగుతుంది.

"డాక్టర్ సిరిన్‌ని. ఇన్సూరెన్స్ వాళ్లు సముద్రం అవతలి ఒడ్డు నుంచి పంపారు," అంటుంది చేతులు ఆడిస్తూనే. "కంటిపాప సంగతి క్లినిక్ నర్సు వాళ్లకి చెప్పిందట. వెంటిలేటర్ ఉన్న పడవ తెచ్చి పడమటి రేవులో ఆపి వచ్చాను. క్లినిక్‌కి వెళ్తే పేషెంటే లేదు. అన్ని లైట్లు కొడుతుంటే ఆపరేంటయ్యా మీరు?"

పడమటి రేవు. క్లినిక్‌కి ఎదురుగా ఉండే రేవు.

అంటే దీవి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆ పిల్లని గతుకుల్లో కుదిపి తెచ్చింది... సాయానికి దూరంగా తీసుకుపోవడానికి.

ఉథై బండి పట్టుకుని నిలబడతాడు.

ఫ్రెయా నోట్లో వేసిన ఊపిరి గొట్టాన్ని సిరిన్ సరిచేస్తుంది. "హెల్మెట్ ఉండి కూడా ఇంత దెబ్బ ఎలా తగిలిందో నాకర్థం కావడం లేదు."

నుయ్ అతని వైపు చూస్తుంది.

"లేదు," అంటాడు ఉథై.

"ఏం లేదు?"

"హెల్మెట్ లేదు."

"ఫోటోలో చూశానే."

"నేనే పెట్టాను. ఫోటో కోసం."

సిరిన్ చేతులు ఒక్క క్షణం ఆగుతాయి. "ఈ వాపు మీదా?"

"అవును డాక్టర్."

"ఎందుకూ?"

"లేకపోతే పాలసీ చెల్లదంటారని... వాళ్లవాళ్లు ఇబ్బంది పడతారని."

ఆవిడ సూది మందు ఎక్కిస్తుంది. ఎక్కించడం అయ్యాకే మాట్లాడుతుంది.

"ఈ అమ్మాయి పాలసీ నేను పడవలో చదివాను. అందులో హెల్మెట్ షరతే లేదు."

ఆవిడ టార్చి మళ్లీ ఫ్రెయా కంట్లోకి వేస్తుంది.

"హెల్మెట్ లేని తలకి దెబ్బ తగిలిందని మధ్యాహ్నమే చెప్పి ఉంటే వెలుతురు ఉండగానే హెలికాప్టర్ వచ్చేది. చీకటి పడితే ఇక్కడ దిగదు."

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బావుండేది.

"బతుకుతుందా?"

"మీరు నిలబడి మాట్లాడుతుంటే బతకదు. బండి తిప్పండి. ఈ రోడ్డులో ఎక్కడ ఏ గుంట ఉందో మీకు తెలుసు. నేను ఇక్కడే వెనక, ఈ అమ్మాయి దగ్గర ఉంటా."

బండి తిప్పుతాడు. ఈసారి సైరన్ వేస్తాడు. ఎర్రలైటు వేస్తాడు. జీపు నడిపే క్లినిక్ డ్రైవరు దారిచ్చి వెనకే వస్తున్నాడు. ప్రతి గుంటనీ తప్పిస్తున్నాడు. ఇంత జాగ్రత్త ఇందాక ఏమైంది? కళ్లు మసకబారుతుంటే మోచేత్తో తుడుచుకుంటాడు. అద్దంలో సిరిన్ చెయ్యి గాలిసంచీని నొక్కుతోంది... వదులుతోంది... నొక్కుతోంది.

రేడియో గరగరమంటుంది.

"ఉథై అన్నా, నేను కోప్‌ని." ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే కోప్. రెండో రెస్క్యూ బండి అతనిదే. "జలపాతం వంపు దగ్గర ఇంకో స్కూటర్ పడింది. ఫారిన్ కుర్రాడు. తలకి కొంచెం తగిలినట్టుంది."

ఉథై రేడియో శబ్దం పెంచుతాడు.

"కంగారేం లేదన్నా. జోకులేస్తున్నాడు. మీరు నేర్పినట్టే హెల్మెట్ పెట్టేశాం. ఫోటో కూడా పంపేశాం."

ఈ చానెల్ దీవిలో అందరూ వింటారు. పోలీస్ స్టేషన్లో, క్లినిక్‌లో, రేవు దగ్గర కాఫీ కొట్లో. వంటింటి అలమర మీద రేడియో పెట్టుకుని అతని భార్య కూడా వింటుంది.

మైకు అందుకుంటాడు. బటన్ మీద వేలు పెడతాడు.

"చెప్పన్నా," అంటుంది నుయ్ వెనకనుంచి.

నొక్కుతాడు.

"కోప్, విను. అందరూ వినండి. ఆ ఫోటో అబద్ధం. ఇన్నాళ్లూ నేను నేర్పింది తప్పు." ముందున్న గుంట తప్పిస్తాడు. "ఇవాళ ఒక ఆడపిల్లని అలాగే చావు దాకా తెచ్చాను. బ్యాంకాక్‌కి ఫోన్ చెయ్. హెల్మెట్ లేదని చెప్పు. ఉథై పెట్టమన్నాడని చెప్పు. ఆ కుర్రాడి మెడ కదపొద్దు. పడవ పడమటి రేవులో ఉంది, అక్కడికి తీసుకురా."

వేలు తీస్తాడు.

ఉత్త గరగర.

"కోప్? వినిపించిందా?"

"వినిపించిందన్నా." కోప్ గొంతు మారిపోయింది. "ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాడు... ఇప్పుడు వాంతి చేసుకుంటున్నాడు."