వీబె వంతు

ఆ ఆదివారం లైడెన్‌లో పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, కత్తితో కోసి రొట్టెకు రాసుకోవచ్చు. హాలంతా కాఫీ వాసన, తడి కోట్ల వాసన, కంప్యూటర్ల ఫ్యాన్ల రొద. కంప్యూటర్ ప్రోగ్రాముల చదరంగం పోటీకి అది చివరి రోజు.

ప్రోగ్రాములకు బుర్రే గాని చేతులుండవు. అందుకని ఒక్కోదానికి ఒక్కో మనిషి కూర్చుంటారు. తెర మీద పడిన ఎత్తును చదరంగం బల్ల మీద వేసి, రెండు వైపులా చెరో సమయం లెక్కకట్టే గడియారం నొక్కి, కాగితం మీద రాస్తారు. ఆలోచించే పనే లేదు. నా కోసమే పుట్టిన ఉద్యోగం!

మా ఆయన వీబె రాసిన ప్రోగ్రాముకు నేను. ఎదురుగా ఫెన్నా, వాళ్లాయన బారెండ్ రాసినదానికి. మొగుళ్లిద్దరూ ఆ ఏడే పోయారు. ముప్పై ఏళ్లలో వీబె ఒక్కసారైనా బారెండ్‌ని గెలవలేదు. "వాణ్ణి ఓడించేదాకా నేనెక్కడికీ పోను, ఆల్చే," అన్నాడు ఆస్పత్రిలో. అన్నట్టే, మనిషి పోయినా ఇంట్లో అతని చుట్ట వాసన పోలేదు. ఈ ఒక్క ఆట గెలిస్తే వెళ్లిపోతాడని నా ఆశ.

"ఏమే, మీ ఆయన గుర్రం కుంటుతోంది," అంది ఫెన్నా.

"మీ ఆయన మంత్రికి మతిమరుపు. అచ్చం ఆయనకులాగే."

అల్లం బిస్కెట్లు నములుతూ మొగుళ్ల గురకలు ఎక్కిరించుకున్నాం. చేతుల పని చేతులది. ఎత్తు... గడియారం. ఎత్తు... గడియారం.

గుప్పున చుట్ట వాసన.

పోటీ నడిపించే రూలొఫ్ మా మీదికి వంగి గుసగుసగా అన్నాడు. "అమ్మా... తెరలు చూశారా?"

రెండు యంత్రాలూ ఆగిపోయి ఉన్నాయి. ఇరవై మూడో ఎత్తు దగ్గర. గంట క్రితం.

నా కాగితంలో అరవై ఒకటో ఎత్తు. ఇరవై నాలుగు నుంచి అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయి... వీబె రాతలా. ఫెన్నా తన కాగితం గబుక్కున బోర్లించింది. మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఆట రద్దు," అన్నాడు రూలొఫ్.

"ఇంకొక్క నాలుగెత్తులు బాబూ. గెలుస్తున్నాడు!"

"ఎవరమ్మా... గెలుస్తున్నది?"

రూలొఫ్ గడియారం బ్యాటరీలు పీకేసి, దాన్ని నా సంచిలో కుక్కాడు. హాల్లో ఉండనివ్వనన్నాడు. అప్పటికి దాంట్లో వీబె వైపు ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలున్నాయి. అవి అయిపోతే ఓడినట్టే.

మర్నాడు పొద్దున్నే ఫెన్నా ఫోను.

"ఆల్చే... ఇప్పుడే నా చెయ్యి ఉప్పుడబ్బాని జరిపింది. నేను కాదు... నా చెయ్యి. ఇక మీ ఆయన వంతు."

ఆ రోజు నుంచి, బ్యాటరీల్లేని గడియారంలో వీబె వైపు రోజుకో నిమిషం తరుగుతోంది. ఇవాళ ఒక్కటే మిగిలింది.

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను, అందుకే ఈ కోడిగీతలు. కుడిది భోజనాల బల్ల మీద ఉంది. పొద్దుటి నుంచి నా మాట వినడం లేదు.

ఆలోచిస్తోంది...