ఏడో గులాబీకి చెప్పిన అడ్రసు

దెయ్యాలంటే భయపడని మగాడు మా వీధి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాడు నేనే. గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను, శ్మశానం గోడెక్కి టీ తాగమన్నా తాగుతాను. కాకపోతే పట్టపగలు తాగుతాను. పక్కన మా అత్త ఉండాలి. ఆ గోడ మీద బల్లి ఉండకూడదు.

అత్తంటే మా నాన్న చెల్లెలు. నన్ను పెంచింది ఆవిడే. మా ఇద్దరికీ ఉన్న పని ఒకటే, ఎవరికీ అక్కర్లేని పాత గులాబీ చెట్లకి కొత్త ఇళ్ళు చూసిపెట్టడం. కుండీల్లో పిల్ల మొక్కలు కాదు. ఇరవయ్యేళ్ళు నేలలో వేళ్ళూనుకుని, మొదలు మణికట్టంత లావెక్కిన చెట్లు. ఇల్లమ్ముకునేవాళ్ళూ, కారు పెట్టుకోడానికి చోటు చాలనివాళ్ళూ, గులాబీకి ముళ్ళుంటాయని ఇరవయ్యేళ్ళ తర్వాత కనిపెట్టిన మేధావులూ మాకు ఫోన్లు చేస్తారు. పెళ్ళిళ్ళ పేరయ్య వయసొచ్చినవాళ్ళకి సంబంధాలు చూస్తాడు, మేం వయసు మళ్ళినవాళ్ళకి చూస్తాం. అంతే తేడా.

ఈ పనిలోకి వచ్చాక నాకు మనుషుల మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది. అన్నేళ్ళు పూలు కోసుకున్నవాడే గేటు దగ్గర వాచీ చూసుకుంటూ "తొందరగా పీకేయండి" అంటాడు. తీసుకునేవాడు అంతకంటే ఘనుడు. ఊరికే వస్తుందంటే అందరూ పూల రసికులే. రంగేమిటి, వాసనుందా, రోజూ పూస్తుందా అని పెళ్ళిచూపుల్లో పాట పాడించినట్టు ఆరాలు తీస్తారు. ఒకాయనైతే "ఆకులు రాలనిది చూసివ్వండి" అన్నాడు.

"ప్లాస్టిక్‌ది కొనుక్కోండి బాబాయ్, తుడుచుకోవచ్చు కూడా" అన్నాను.

అత్త నా కాలు తొక్కింది. మా అత్త నన్ను తిట్టదు. కాలు తొక్కుతుంది.

చెట్టు ఎత్తడానికి ఆవిడకో వరస ఉంది. ముందు మొదలు చుట్టూ గుండ్రంగా, నిండా నీళ్ళు పెట్టాలి. మర్నాడు కొమ్మల్ని ఏటవాలుగా కత్తిరించాలి. వేళ్ళకి ఎండ తగలకుండా పొద్దువాలాకే పార పట్టాలి. అంతకుముందు, పొద్దుటెండ పడే వైపు కొమ్మకి ఎర్రగుడ్డ పీలిక కట్టాలి. కొత్త చోట కూడా ఆ కొమ్మని పొద్దుటెండ వైపే నిలబెట్టాలి. ఇదంతా సరే, బుద్ధున్న పనే. ఆఖరిది ఉందే, అదే నాకు నవ్వొచ్చేది. పార దించే ముందు చెట్టు దగ్గర వంగి, దాన్ని ఎక్కడికి తీసుకెళుతున్నామో దానికి చెప్పాలట. ఎవరింటికి, ఏ మూలకి, అన్నీ.

"చెప్పకపోతే ఏమవుతుందత్తా? పోలీసులకి ఫోన్ చేస్తుందా?"

"చెప్పకుండా ఎత్తుకుపోతే ఎవరికైనా బెంగే కదరా. నిన్నూ ఆరేళ్ళప్పుడు అలాగే ఎత్తుకొచ్చాను. మూడు నెలలు ఏడ్చావు."

ఈ ఒక్క మాటకి నా దగ్గర జోకు లేదు. అందుకే ఆ పని నాకు చెప్పినప్పుడల్లా ఇంకొంచెం ఎక్కువ వెక్కిరించేవాణ్ణి.

ఇక ఆ ఇంటి సంగతి. ఇంటాయనకి నేను పెట్టిన పేరు గ్రానైట్ బావగారు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే వాళ్ళక్క చనిపోయి మూడు నెలలైంది. పెరట్లో ఆవిడ పెంచిన ఏడు గులాబీ చెట్లున్నాయి.

"సోమవారం పెరడంతా గ్రానైట్ పరిపిస్తున్నా. ఒక్క ముల్లు కనిపించకూడదు" అన్నాడు.

"అక్కగారు ప్రాణంగా పెంచుకున్నట్టున్నారు" అంది అత్త.

"పిచ్చిగా పెంచుకుంది. పొద్దస్తమానం వీటితోనే కబుర్లు. నేనొస్తే మంచినీళ్ళకి కూడా దిక్కులేదు."

"వీటికి వినే గుణం ఉంది కదండీ" అన్నాను. కాలు తొక్కింది అత్త.

ఆయనకి నా మాట ఎక్కలేదు. గ్రానైట్ కదా, ఏదీ ఇంకదు. "చివరి రోజుల్లో మంచంలో కూడా అదే గోల. నేను పోయాక ఇవెక్కడికి పోతాయి, ఎక్కడికి, ఎక్కడికని... చెవులు చిల్లులు పడ్డాయనుకోండి."

ఆరు చెట్లకి వారంలో సంబంధాలు కుదిరాయి. ఏడోదాన్ని చూసినవాళ్ళు చూసినట్టే వెనక్కి తిరిగారు. మొదలు మెలితిరిగి ఉంది. ముళ్ళు గద్దగోళ్ళలా ఉన్నాయి. పువ్వు ఎండిన నెత్తురు రంగు. ఆఖరికి పళ్ళ డాక్టరొకాయన ఒప్పుకున్నాడు.

"ముళ్ళు పెద్దవేనా? అయితే వెనక గోడ పక్కన పెట్టండి. దూకేవాళ్ళకి బుద్ధొస్తుంది."

కాపలా కుక్కకైతే తిండి పెట్టాలి కదా. మహానుభావుడు.

ఆదివారం పొద్దువాలాక ఎత్తడం మొదలుపెట్టాం. ఆరు చెట్లూ అయ్యాయి. అత్త వ్యాన్ దగ్గర తాళ్ళు బిగిస్తోంది. నేను ఏడోదానికి గుడ్డ పీలిక కట్టాను. చీకటి గోడల మీంచి మెల్లగా పెరట్లోకి దిగుతోంది. తవ్విన ఆరు గోతుల్లోంచి పచ్చి మట్టివాసన.

"దానికి చెప్పావట్రా?" అక్కణ్ణుంచే కేకేసింది అత్త.

"చెబుతున్నానత్తా!"

వంగాను. "చూడమ్మా ఏడోదానా, నీ అదృష్టం పండింది. నిన్ను మా ఇంటికే తీసుకెళుతున్నాను. నా గదే నీ గది. నా మంచం కిటికీ పక్కనే ఉంటుంది, పొద్దున్నే ఎండ పడుతుంది. హాయిగా నా చోట్లో నువ్వుందువుగాని."

"ఊఁ."

చెవి పక్కనే. కథ వింటున్నవాళ్ళు కొడతారే, అలాంటి ఊఁ.

అత్తే అనుకున్నాను. తలెత్తి చూస్తే అత్త వ్యాన్ దగ్గరే ఉంది, ఇరవై అడుగుల దూరంలో. గాలి అనుకున్నాను. ఒక్క ఆకు కదలడం లేదు. మట్టివాసన కింద ఇంకేదో వాసన... మందుల వాసన. చాలా రోజులు మంచం దిగని మనిషి గదిలో ఉండే వాసన.

నవ్వేసి పార దించాను. పళ్ళ డాక్టరు గోడ పక్కన మోకాలి లోతు గొయ్యి తీసి దాన్ని నాటి, ఇంటికొచ్చి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి నా మంచం చుట్టూ తడి. దుప్పటి కూడా తడిసింది. పైకప్పు చూస్తే పొడిగా ఉంది. గబగబా తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడడక్కండి.

ఆ మర్నాడు లేచి మొహం కడుక్కుంటుంటే చేతులు కొత్తగా కనిపించాయి. పది గోళ్ళూ కత్తిరించి ఉన్నాయి. ఏటవాలుగా. అద్దంలో చూస్తే జుట్టు కూడా అంతే. అత్త నా మీద పగ తీర్చుకుంటోందనుకుని ముచ్చటేసింది. పోనీలే, ఆవిడకీ సరదా పుట్టిందన్నమాట!

"నిద్రపోతున్నవాడి తల కత్తిరించడం ఏం మర్యాదత్తా?"

"నీ తలకి కత్తెరొకటా, దండగ!" అంది. తర్వాత దగ్గరికొచ్చి చూసింది. నవ్వు తగ్గింది. "నేను కాదురా. ఎవరోగానీ... మొక్కలు కత్తిరించడం బాగా తెలిసిన చెయ్యి."

ఆ సాయంత్రం ఒళ్ళు బరువుగా ఉంటే పెందలాడే నడుం వాల్చాను. కిటికీలో ఇంకా కాస్త వెలుతురుంది. అత్త వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఆ చప్పుడుకే కళ్ళు మూతలు పడ్డాయి.

ఎంతసేపో తెలీదు. గిన్నెల చప్పుడు ఆగింది.

వాసన. తడిమట్టి. దాని కింద మందులు.

నా మీదికి ఎవరో వంగారు. కళ్ళు తెరవలేదు. తెరవలేదంటే... తెరవడానికి లేకపోయింది. వేళ్ళు పాతుకున్నట్టు కాళ్ళు మంచానికి అతుక్కుపోయాయి. చెవి దగ్గర చల్లటి ఊపిరి. ముసలి గొంతు. మెత్తగా, ముద్దుగా...

"చూడు నాయనా... నీ అదృష్టం పండింది... నిన్ను పళ్ళ డాక్టరింటికి తీసుకెళుతున్నాను... వెనక గోడ పక్కన... నా గొయ్యే నీ గొయ్యి... హాయిగా నా చోట్లో నువ్వుందువుగాని..."

"ఊఁ."

ఆ ఊఁ కొట్టింది నేనే. నిద్రమత్తులో. ఒప్పుకున్నట్టు.

కళ్ళు తెరుచుకున్నాయి. గదిలో ఎవరూ లేరు. నా కుడి మణికట్టుకి... కిటికీ వైపున్న చేతికి... ఎర్రగుడ్డ పీలిక.

అప్పుడు గుర్తొచ్చింది వరస. నీళ్ళు. కత్తిరింపు. గుడ్డ. చెప్పడం. ఇక మిగిలింది ఒక్కటే.

గర్ర్...

మంచం కింద. సిమెంటు నేల లోపలి నుంచి. తలవైపు ఒకసారి. కాళ్ళవైపు ఒకసారి. గర్ర్... పార మట్టిలోకి దిగే చప్పుడు నాకంటే ఎవరికి బాగా తెలుసు? చుట్టూ తిరుగుతోంది. జానెడు జానెడు వదిలి, పద్ధతిగా, వేళ్ళు తెగకుండా.

మంచం వెంట్రుకవాసి పైకి లేచింది.

నేనెలా దూకానో, ఎలా పరిగెత్తానో తెలీదు. వంటింట్లో అత్త నడుం పట్టుకుని ఉన్నానంతే.

ఆవిడ నా మణికట్టు దీపం దగ్గరికి లాగి చూసింది. "ఇది మొన్న ఏడోదానికి కట్టిన పీలిక. నా పాత చీర అంచు. నువ్వు దానికేం చెప్పావురా?"

"సరదాకి..."

"సరదా సంగతి నేనడగలేదు. ఏం చెప్పావు?"

చెప్పాను. ఇందాక చెవిలో విన్నదీ చెప్పాను, నేను ఊఁ కొట్టిందీ చెప్పాను. ఈసారి అత్త నా కాలు తొక్కలేదు. అది చూసి నాకు అసలు భయం పట్టుకుంది.

"చచ్చేదాకా ఎక్కడికి, ఎక్కడికని అడిగిందిరా ఆ మనిషి. తోడబుట్టినవాడు చెప్పలేదు. నువ్వు దొంగ అడ్రసు చెప్పావు. నీ చోటు దానికిస్తానన్నావు. మరి నువ్వెక్కడికి పోవాలి?"

"నేనెక్కడికీ పోనత్తా..." గొంతు నాదే, ఆరేళ్ళప్పటిది.

"పోనివ్వను. పద. చెప్పిన మాట నిజం చేద్దాం."

పళ్ళ డాక్టరు అప్పుడే తలుపులు మూస్తున్నాడు. మమ్మల్నీ పారనీ చూసి విసుక్కున్నాడు. "ఇచ్చింది మళ్ళీ పట్టుకుపోతారా? ఇదేం పద్ధతండీ?"

"తప్పు పన్ను పీకితే మీరేం చేస్తారు డాక్టరుగారూ?" అంది అత్త.

ఆయన నోరు మూసుకుని టార్చి తెచ్చాడు.

పార అక్కర్లేకపోయింది. మొదలు పట్టుకోగానే చెట్టు దానంతటదే చేతిలోకి వచ్చింది. ఎదురుచూస్తున్నట్టు. టార్చి వెలుగు కింద పడింది.

నేను తీసింది మోకాలి లోతు గొయ్యి. బకెట్టు పట్టేంత. ఇప్పుడక్కడున్నది గుండ్రంగా లేదు. పొడుగ్గా ఉంది. అంచులు సాపుగా చెక్కి ఉన్నాయి. అడుగున మట్టిని పొడిపొడి చేసి పరిచారు, మెత్తగా. ఒక కొసన మాత్రం కాస్త ఎత్తు చేశారు... తల పెట్టుకోడానికి.

"ఇదెవరు తవ్వారు? ఎవరికోసం?" అన్నాడు డాక్టరు. గొంతులో విసుగు లేదు.

అత్త గొయ్యి పొడుగు చూసింది. నా పొడుగు చూసింది. "పూడ్చరా" అంది.

ఇప్పుడు నా గదిలో ఆ గులాబీ ఉంటోంది. నా మంచం ఉన్న చోట, కిటికీ పక్కన, నీళ్ళతొట్టంత కుండీలో. పీలిక కట్టిన కొమ్మ పొద్దుటెండకి నిలబెట్టి, "ఇదిగో తల్లీ, వాడు చెప్పిన చోటే" అంది అత్త. ఊఁ అని వినిపించింది. ఇద్దరికీ. మంచం మేడమీదికి పోయింది. నేను హాల్లో రెండు కుర్చీలు కలుపుకుని పడుకుంటున్నాను. వెక్కిరించడం మానలేదు గానీ, చెట్లకి మాత్రం అడ్రసు పిన్‌కోడుతో సహా చెబుతున్నాను. మా ఊళ్ళో ఉన్న ఘనులందరికంటే ఆ ఏడోదే నయం, ఒక్కసారి మాటిస్తే గుర్తుపెట్టుకుంటుంది.

మొదటిరోజే చెప్పి ఉంటే గొయ్యి అంతదాకా వచ్చేది కాదురా అంటుంది అత్త. తడి చూసి కూడా ఎందుకు నోరు మూసుకున్నావని ఇప్పటికీ అడుగుతుంది. ఆవిడకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎవరితోనూ అనకండి. మంచం చుట్టూ అంత నీరు, బకెట్టుకి తక్కువ లేదు, మట్టివాసన కొడుతోంది... అయినా ఇరవయ్యారేళ్ళ ఈ ధైర్యవంతుడు పక్క తడిపింది తానే అనుకున్నాడు. అత్త లేవకముందే ఆ దుప్పటి దొంగతనంగా ఉతికి, మేడ మీద, వాళ్ళకీ వీళ్ళకీ కనబడకుండా మూలనున్న తీగ మీద ఆరేశాడు.

అది నాలుగు నెలల కిందటి మాట. మధ్యలో ఎండాకాలం వచ్చి వెళ్ళింది కూడా.

దుప్పటి ఇంకా ఆరలేదు.