ఎర్రమెట్ట పగ్గం

“దీని నెత్తురు చిక్కబడిపోయి ఏ నరంలోనో గడ్డకట్టేస్తే ఎవులు జవాబు సెప్తారు?” అంది సన్యాసమ్మ పొద్దున్నే, ఇంకా ఏమీ జరగకముందే.

కూతురు దివిజ నాచు రొట్టె నములుతూ నవ్వింది. “నిన్న పల్చబడిపోద్దన్నావు. ఏదో ఒకటి ఖాయం చెయ్యమ్మా.”

“రెండూ అవుతాయి. మన రాత అలాగే ఉంటాది.”

అంగారకుడి మీద ఎర్రమెట్ట కాలనీలో గాలికి ఎక్కడలేని పొదుపు. గుమ్మటాల కింద నింపే గాలి, భూమ్మీద పెద్ద పర్వతాల నడినెత్తిన ఉండేంత పల్చన. నాలుగు మెట్లెక్కితే రొప్పాల్సిన మనుషులు అక్కడ పరుగులు తీస్తున్నారంటే అది డాక్టర్ అప్పలనరసమ్మ చలవే.

సన్యాసమ్మ చదివింది ఎనిమిదో తరగతే అయినా ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను పంపుతాయి. ఎముక మజ్జలోని కణాల గుమ్మాల్లో రిసెప్టర్ అనే గ్రాహకం కాచుకుని ఉంటుంది. హార్మోన్ వచ్చి దానిమీద వాలగానే ఎర్ర కణాల తయారీ మొదలవుతుంది. ఇక చాలు అని ఆపేది, ఆ గ్రాహకానికి కణం లోపలికి వేలాడే తోక. ఎక్కడో అరుదుగా కొన్ని కుటుంబాల్లో జన్యువు మధ్యలోనే ముగిసిపోయి తోక పొట్టిదవుతుంది. వాళ్లకు పుట్టుకతోనే ఎర్ర కణాలు ఎక్కువ. అప్పలనరసమ్మ తోకను కొయ్యలేదు. కావాలంటే బిగిసేలా, వద్దంటే సడలేలా ఆ జన్యువును తిరగరాసింది. మణికట్టు పట్టీ చర్మంలోకి పంపే మందు నలుసంత పెరిగితే తోక బిగిసి ఎర్ర కణాలు తగ్గుతాయి, మందు తగ్గితే తోక వదులై కణాలు పెరుగుతాయి. ఆ పట్టీకీ, దానికి జతగా వంటగది గోడకుండే మాటల పెట్టెకూ కలిపి జనం పెట్టుకున్న పేరు పగ్గం. మనిషన్నవాడికి ఇంత బుర్ర ఎలా వచ్చిందా అని సన్యాసమ్మ రోజూ ఆ పెట్టెకు దణ్ణం పెట్టుకునేది. పెట్టుకుని, మళ్లీ భయపడేది.

ఈసారి భయానికి కారణం కూడా దొరికింది. అగ్నిపర్వతం అంచున మంచు తవ్వే పై స్థావరంలో దివిజకు ఉద్యోగం వచ్చింది. అక్కడ గాలి ఇంకా పల్చన. రక్తంలో ఎర్ర కణాల వాటా కనీసం యాభై శాతం ఉంటేనే ఎక్కనిస్తారు. దివిజది యాభై ఒకటి.

పగ్గం రోజూ పొద్దున ఇద్దరిని అడుగుతుంది. ముందు పట్టీ కట్టుకున్నవాళ్లను, వాళ్ల చెవిలోనే. తరవాత ఇంట్లో పెద్దవాళ్లను. “తలనొప్పి ఉందా? ఆయాసం ఉందా?” రక్తం చిక్కబడుతోందంటే అంకెల్లో తేలకముందే తలలో తేలుతుందని డాక్టరమ్మ నమ్మకం.

దివిజ స్నానానికి వెళ్లింది. సన్యాసమ్మ గోడ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “ఉంది బాబూ. తెల్లారగట్లే తల పట్టుక్కూకుంటంది.”

మర్నాడూ అదే చెప్పింది. ఆ మర్నాడూ అంతే. నలభై రోజులు తిరిగేసరికి యాభై ఒకటి కాస్తా నలభై మూడైంది. ఆ సాయంత్రం దివిజ ఇంటిమెట్లు సగమెక్కి, రెయిలింగు పట్టుకుని కూలబడిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

సన్యాసమ్మ ఎలా మోసుకొచ్చి మంచమ్మీద పడుకోబెట్టిందో ఆమెకే తెలియదు. వంటగదిలోకి పరిగెత్తింది.

“నాను అబద్దం సెప్పాను! దానికి తలనొప్పీ లేదు, ఏటీ లేదు. ఒదిలెయ్యి బాబూ, పిల్ల సచ్చిపోద్ది!”

“ప్రాణానికి భయం లేదు. మందు తగ్గించాను, నెలలో మునుపటిలా అవుతారు,” అంది పగ్గం. “కానీ బిగించింది మీ మాట విని కాదు, సన్యాసమ్మ గారూ.”

“మరి నాను రోజూ సెప్పింది?”

“రాసుకున్నాను. లెక్కలోకి తీసుకోలేదు. ఎవరు పై స్థావరానికి బయల్దేరుతున్నా, ఇంట్లో అమ్మలు వాళ్లకు తలనొప్పి అనే చెబుతారు. డాక్టరుగారు మొదటి ఏడాదే కనిపెట్టారు.”

“లెక్కలేనిదానికి మరెందుకు అడుగుతావు?”

“అడగని రోజుల్లో మీరంతా ఆవిడ ల్యాబ్ ముందు బైఠాయించేవారు.”

కణం లోపలి తోకనే కాదు, అమ్మల గుండెనూ చదివింది మహాతల్లి అని సన్యాసమ్మకు చేతులు జోడించాలనిపించింది. సగం లేచిన చేతులు ఆగిపోయాయి.

“అయితే బిగించమన్నది ఎవులు?”

“పట్టీ కట్టుకున్న మనిషి చెబితేనే బిగుస్తుంది. తన ఒంటి గురించి మనిషి తనే అబద్ధం చెబుతారని డాక్టరుగారు అనుకోలేదు. నాకూ మీరు చెప్పేదాకా తట్టలేదు.”

గదిలో దివిజ కళ్లు తెరిచే ఉంది. సన్యాసమ్మ మంచం పట్టె మీద కూర్చుంది.

“తిట్టనులే. నాను కూడా ఆ ముండా పెట్టెకి అదే సెప్పాను. నిన్ను ఆపాలని. నువ్వెందుకే?”

“భయమేసిందమ్మా.” దివిజ గోడవైపు తిరిగింది. “జాబితాలో పేరొచ్చిన రోజు నుంచీ. నీతో అంటే నువ్వింకా హడలిపోతావని, దానికి తలనొప్పని సెప్పాను.”

“నిన్నెవులు ఎల్లమన్నారు? మానెయ్యి.”

“ఎల్లాలనీ ఉందే! అంత ఎత్తు నుంచి ఈ ఊరెలా ఉంటాదో సూడాలనుంది. వచ్చే నెల ఇంకో జట్టు ఎల్తాది.” తల్లి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. “చిన్నప్పటి నుంచీ నువ్వు భయపడందాన్ని ఒక్కదాన్నీ సూళ్లేదమ్మా. ఒక్కసారి నీకు భయం లేదని సెప్పు. అబద్దమైనా పర్లేదు.”

సన్యాసమ్మ నోరు తెరిచింది. పై స్థావరంలో మంచు పెళ్లలు విరిగిపడటం కనబడింది. తలుపు మూతపడక గాలంతా పోవడం కనబడింది. ఎన్నడూ చూడని ఆ చోట కూతురికి జరగగల ప్రతి కీడూ వరసగా కళ్లముందుకొచ్చి నిలబడింది. గుమ్మటం గాలిపంకాలు ఒక విడత ఆగి, మళ్లీ తిరగడం మొదలెట్టాయి. దివిజ చెయ్యి వదల్లేదు.

“నాకేటి భయం?” అంది చివరికి. “ఎల్లిరా.”